వినిపించిందట

మార్చి 3, సోమవారం

ఫిర్యాదు అనే మాట ఆవిడ వాడలేదు. "ఒక విషయం రికార్డులోకి ఎక్కాలి" అందట. సూపరింటెండెంటు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి మరీ చెప్పాడు. పోయిన గురువారం నేను మత్తు ఇచ్చిన వెన్నెముక కేసు, కోర్టులో పనిచేసే స్టెనోగారు, ఆపరేషన్ మధ్యలో తనకి తెలివి వచ్చిందని, మాటలు విన్నానని అంటోంది.

నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ల నుంచి మనుషుల్ని నిద్రపుచ్చి లేపుతున్నాను. మత్తు వదిలేటప్పుడు వాళ్లు చెప్పేవన్నీ నమ్మితే ఈపాటికి నన్నే ఎక్కడో కట్టేసి ఉండేవాళ్లు. ఒకాయన లేచీ లేవగానే మంచం కింద తన సైకిల్ కోసం వెతికాడు. ఒకావిడ నన్ను అత్తగారనుకుని కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

చార్టు తీసి చూపించాను. నుదుటికి అంటించిన పట్టీ మెదడులో కరెంటును పట్టుకుని మీటరు మీద ఒక అంకె వేస్తుంది. వంద అంటే పూర్తి మెలకువ. అరవైకి దిగువన ఉంటే లోపల ఎవరూ లేనట్టే. ఈవిడకి ఆపరేషన్ జరిగిన అయిదు గంటలూ ఆ అంకె నలభైకీ నలభై అయిదుకీ మధ్యే ఉంది. మందులో లోపం లేదు, గొట్టాల్లో లోపం లేదు. కల కని ఉంటుంది అన్నాను. సూపరింటెండెంటుకి ప్రాణం లేచి వచ్చింది.

చిక్కంతా రెండో ఆపరేషన్ దగ్గరే. వెన్నుపూసల్లో గడ్డ నరాలను నొక్కేస్తోంది. సగం ముందువైపు నుంచి తీశారు. మిగతా సగం వెనకనుంచి మూడు వారాల్లోపు తియ్యాలి. లేకపోతే కాళ్లు పోతాయి. విషయం రికార్డులోకి ఎక్కేదాకా మళ్లీ బల్ల ఎక్కనని ఆవిడ భీష్మించుకుని కూర్చుంది.

ఇదంతా రాసుకోవడం దేనికంటే, రేపు కమిటీ వేస్తే తేదీలు గుర్తుండాలి. అంతే.

మార్చి 4, మంగళవారం

వార్డుకి వెళ్లాను. కిటికీ పక్క మంచం. యాభై దాటిన సన్నటి మనిషి, దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లుగా సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాయడమే ఆవిడ పని. ముందు పాదం చూశాను. ఎడమ బొటనవేలు ఎత్తమంటే సగమే లేచింది.

ఏం విన్నారో చెప్పమన్నాను. గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది.

"పెద్ద సిస్టర్ 'అమ్మా, చెయ్యి కాస్త పక్కకి పెడుతున్నాను' అన్నారు. అప్పుడు మీరు 'ఎవరికి చెబుతున్నారు సిస్టర్, గోడకా? ఇక్కడున్నది మనిషి కాదు, సరుకు. జాగ్రత్తగా దించుకుంటే చాలు' అన్నారు. దగ్గారు. 'మీటరు నలభై రెండు' అన్నారు."

నొప్పి తెలిసిందా అని అడిగాను. లేదంది. బరువు తెలిసిందంది. వేలు కూడా కదపలేకపోయానంది.

"నేనలా అనలేదండీ" అన్నాను.

ఆవిడ నా మొహం కేసి చూసింది. కోపం లేదు. పక్కనున్న కాగితం మీద పెన్సిల్‌తో ఏదో గీసుకుంది. "అనలేదన్నారు అని రాసుకున్నాను" అంది.

నాకు నిజంగానే గుర్తులేదు.

మార్చి 5, బుధవారం

గుర్తులేదు. నిద్ర బాగానే పట్టింది.

మార్చి 6, గురువారం

పిడుగుతో మాట వచ్చింది. అక్క కూతురు, ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తుంది. ఎవరో వేరే డాక్టరుకి జరిగినట్టు చెప్పాను. దానికి అర్థమైపోయింది గానీ అర్థం కానట్టే విన్నది.

మీటరు అబద్ధం చెప్పదు అన్నాను. అది భోజనం చేస్తూనే నన్ను దులిపేసింది. "మా షాపులోనూ మెషిన్ ఉంది పిన్నీ. గెడ్డం ఆనించి కూర్చుంటే పవర్ ఎంతో అదే చెప్పేస్తుంది. కానీ దాని మాట మీద అద్దాలు ఎవరూ చెయ్యరు. 'ఇది బాగుందా, అది బాగుందా' అని మనిషిని అడుగుతాం. మెషిన్ రెండంటుంది, మనిషి ఒకటీ ముప్పావు బాగుందంటాడు. ఒకటీ ముప్పావే ఇస్తాం. చూసేది అతను కదా, మెషిన్ కాదు కదా."

కళ్లు వేరు, మెదడు వేరు అన్నాను. "అవునులే" అంది. ఆ అవునులే నాకు నచ్చలేదు. తర్వాత నా వైపు ఒకలా చూసి, ఏదో చెప్పబోయి, కంచం తీసుకుని లేచిపోయింది. దాని మనసులో ఏముందో నాకు తెలుసు. ఆ విషయానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 8, శనివారం

పెద్ద సిస్టర్‌ని పక్కకి పిలిచి అడిగాను. నాకంటే ముందు నుంచి థియేటర్‌లో ఉన్న మనిషి. నేనలా అన్నానా?

"అన్నారు మేడమ్. మీరెప్పుడూ అంటారుగా."

ఎప్పుడూనా?

"ఇంచుమించు ప్రతి కేసుకీ. మేము పట్టించుకోం."

నింద వెయ్యడం లేదు, ఓదారుస్తోంది. అది ఇంకా చిరాకు పుట్టించింది. తెలివి లేని వాళ్లతో ఆవిడెందుకు మాట్లాడుతుందో అడిగాను, దెప్పినట్టే. అలవాటు అంది. కాసేపు చేతులు తుడుచుకుని, "చెప్పకుండా ఒకళ్ల చెయ్యి ఎత్తితే దొంగతనం చేసినట్టు ఉంటుంది మేడమ్" అంది.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. స్టెనోగారు రికవరీ గదిలో కళ్లు సరిగ్గా తెరవకముందే పెన్సిల్ కోసం గాల్లో చేతులాడించారని, రికవరీ సిస్టర్ పోనీలే అని కాగితం ఇస్తే ఏవో గీశారని. కేస్ షీటు తెప్పించాను. నిజమే. కాగితానికి పిన్ను కొట్టి ఉంది. పైన రికవరీ సిస్టర్ చేతిరాత: "మధ్యాహ్నం రెండూ పది. మత్తు వదలక పిచ్చి గీతలు." కింద సంతకం.

కొక్కేలు, సున్నాలు, అడ్డగీతలు. ఆ గీతల్ని ఎక్కడో చూశాను. మంగళవారం నా ఎదురుగానే గీసింది కదా, 'అనలేదన్నారు' అని.

అవి పిచ్చి గీతలు కావు. షార్ట్‌హ్యాండ్.

మార్చి 10, సోమవారం

నకలు తీసుకుని వెళ్లాను. సందు చివర మేడ మీద పాత టైపు ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఇంకా బతికే ఉంది. ఎవరి రాతో, ఎక్కడిదో చెప్పలేదు. ఇది చదివి పెట్టండి అన్నాను.

మేష్టారు కళ్లజోడు సవరించుకుని కాగితం కిటికీ వెలుగుకి పట్టుకున్నాడు. "చెయ్యి వణికింది గానీ రాత తప్పలేదమ్మా. చాలా పెద్ద స్పీడు ఈ చేతిది." తర్వాత వేలు పెట్టి, చిన్నపిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో ముక్కా చదివాడు.

"ఎవరికి చెబుతున్నారు సిస్టర్ గోడకా. ఇక్కడున్నది మనిషి కాదు సరుకు. జాగ్రత్తగా దించుకుంటే చాలు. బ్రాకెట్‌లో, దగ్గు. మీటరు నలభై రెండు." ఆగి, నా వైపు చూశాడు. "ఇదేంటమ్మా, లారీ కేసా?"

అవునండీ అన్నాను.

"దీని కింద ఇంకో ముక్క ఉంది. 'నేను ఉన్నాను.' ఇది రెండుసార్లు రాసి ఉంది."

ఎంత ఇమ్మంటారని కూడా అడగకుండా మెట్లు దిగి వచ్చేశాను. సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. ఆయన వద్దన్నాడు.

మార్చి 11, మంగళవారం

అన్నాను. గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

మార్చి 12, బుధవారం

ఆ విషయం రాసేస్తాను. రాయకపోతే నిన్నటి వాక్యం సగమే నిజం.

ఎనిమిదేళ్ల క్రితం అక్కకి మెదడులో నరం చిట్లింది. రెండు రోజులు ఐసీయూలో ఉంది. మా ఆసుపత్రే కాబట్టి నుదుటికి పట్టీ నేనే అంటించాను. మీటరు పదకొండు చూపించింది. పిడుగుకి అప్పుడు పదహారేళ్లు. వాళ్లమ్మ చెవి దగ్గర వంగి ఏదో చెప్పబోయింది. నేను భుజం పట్టుకుని లాగాను. "వినపడదమ్మా. గోడకి చెప్పినట్టే. అది మీ అమ్మ కాదు, ఒట్టి ఒళ్లు" అన్నాను. బావ కూడా ఉన్నాడు. మా పెద్దవాళ్లూ ఉన్నారు. నేను డాక్టర్ని కదా, అందరూ నా మాట విన్నారు. ఆ రెండు రోజులూ ఆ మంచం చుట్టూ నిలబడి మేం ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరిని ఎక్కడ దింపాలి అనే మాట్లాడుకున్నాం. అక్కతో ఒక్కళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పదకొండు వేరు, నలభై రెండు వేరు. అక్క అప్పటికే లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. అనుకోవడం వేరు, తెలియడం వేరు. ఆ రోజు నేను తెలిసినదానిలా చెప్పాను.

నిద్ర పట్టడం లేదు. అయిదో తారీఖున బాగానే పట్టిందని రాశాను, అదీ అబద్ధమే.

మార్చి 13, గురువారం

కమిటీ. సూపరింటెండెంటు, సర్జన్, ఆసుపత్రి లాయరు, నేను. షార్ట్‌హ్యాండ్ కాగితం బల్ల మీద పెట్టాను. టైపు మేష్టారు ఏం చదివాడో చెప్పాను. లాయరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి జరిపాడు.

వాళ్లకి 'కలవంటి అనుభవం' అని రాస్తే చాలు. కల అయితే ఎవరి తప్పూ కాదు. నేను ఒప్పుకోలేదు. గంటసేపు తర్జనభర్జన పడ్డాక నేనే ఒక వాక్యం రాసిచ్చాను: "ఆపరేషన్ జరుగుతుండగా రోగికి డాక్టరు మాట వినిపించిందట." గట్టి పని చేశాననే అనుకున్నాను. లాయరు చదివి ఒక్కసారిగా కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ చివరి 'ట' ఉంది చూశారూ, అది బంగారం మేడమ్. అదుంటే మనం ఏమీ ఒప్పుకున్నట్టు కాదు. ఆవిడ చెప్పిందన్నట్టే."

నేను అది ఆలోచించి రాయలేదు. చెయ్యి దానంతట అదే రాసింది. నా చేతికి నాకంటే తెలివెక్కువ.

సాయంత్రం సర్జన్ వార్డు నుంచి ఫోన్ చేశాడు. ఎడమ మోకాలు పట్టు తప్పుతోందట.

మార్చి 14, శుక్రవారం

కాగితం తీసుకుని వార్డుకి వెళ్లాను. ఆవిడ చదివింది. చదవడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ట తీసెయ్యండి."

అది ఒక్క అక్షరమేనండీ, భావం అదే కదా అన్నాను. ఇరవై ఆరేళ్లు కోర్టులో కూర్చున్న మనిషికి నేను వ్యాకరణం చెబుతున్నాను, బుద్ధి ఉండాలి.

"సాక్షి బోనెక్కి 'చూశాడట' అంటే జడ్జిగారు అక్కడే ఆపేస్తారండీ. ఎవరు చూశారో వాళ్లని తీసుకురండి అంటారు. దొంగతనం గురించైతే నేను ట అంటాను, హత్య గురించైతే అంటాను. నా ఒంట్లో నేనున్నానో లేదో అన్నదానికి నేనే సాక్షిని కాకపోతే, ఇంకెవరిని తీసుకొస్తారండీ మీరు?"

మీటరు అనబోయి మింగేశాను.

తర్వాత ఆవిడే చెప్పింది. చీకటి భయపెట్టలేదట. కదల్లేకపోవడం కూడా అంత భయపెట్టలేదట. సరుకు అన్న మాట వినగానే, ఇంతమంది పెద్ద చదువుల వాళ్లు అంటున్నారంటే నిజంగానే నేను లేనేమో అనిపించిందట. ఉండి కూడా లేకుండా పోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసిందట. ఇందాకటి నుంచి నేనూ ట పెడుతూనే ఉన్నాను. తెలిసింది. అంతే, తెలిసింది. ఆ సమయంలో నుదుటి మీద ఎవరిదో అరచెయ్యి ఆనింది. పెద్ద సిస్టర్‌ది. పట్టీ సరిచెయ్యడానికి కాదు, ఊరికే ఆనించింది. "ఆ చెయ్యి సరుకు మీద పెట్టే చెయ్యి కాదండీ. దాన్ని పట్టుకుని ఉన్నాను" అంది.

ఇది రికార్డులోకి ఎందుకు ఎక్కాలో అడిగాను. నా మీద చర్య తీసుకోవాలనా? క్షమాపణ కావాలా? తల అడ్డంగా ఊపింది. "మళ్లీ ఆ బల్ల మీద పడుకోవాలి కదండీ. ఆ గదిలో నేనున్నానని ఒక్క కాగితమైనా చెప్పాలి. లేకపోతే కాళ్లు ఉన్నా ఎవరికి?"

బయట వరండాలో ఆవిడ భర్త ఉన్నాడు. దర్జీ. చొక్కా జేబుకి సూది గుచ్చి ఉంది, ఆ సంగతి మర్చిపోయినట్టున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మొండిదండీ. కానీ ఒక్క రోజు అబద్ధం చెప్పి ఎరగదు. అదేదో అక్షరం, తీసెయ్యండమ్మా" అన్నాడు.

మార్చి 15, శనివారం

ఎడమ కాలి వేళ్లు కదలడం లేదు. బుధవారం దాటితే ఇక చేసి కూడా లాభం లేదని సర్జన్ అన్నాడు.

మార్చి 16, ఆదివారం

పొద్దున్నుంచీ నాతో నేనే పోట్లాడుతున్నాను. పిడుగు రెండుసార్లు తొంగి చూసి వెళ్లింది.

ఒక పక్క ఇదీ వాదన. దీనికి ఆత్మలూ దేవుళ్లూ అక్కర్లేదు. మెదడులో వినే చోటు ఎక్కడో మేలుకుని ఉంది, మీటరు దాన్ని పట్టుకోలేకపోయింది. మంచి మీటరు తెచ్చుకుంటే సరిపోతుంది. ఇందులో నాకే ఇబ్బందీ లేదు. ఇప్పటికీ ఇది నిజమే అనుకుంటున్నాను.

రెండో పక్క. ఆ మంచి మీటరు వచ్చిందే అనుకుందాం. అది సరిగ్గా చెబుతోందో లేదో ఎలా తేలుస్తారు? మనుషుల్ని నిద్రపుచ్చి, లేపి, "ఏమైనా విన్నారా అండీ" అని అడుగుతారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టే ఏ అంకెకి ఏమని అర్థమో రాసుకుంటారు. ఇప్పుడున్న మీటరునీ అలాగే చేశారు. అంకె పుట్టిందే మనిషి మాటలోంచి. ఆ అంకెని పట్టుకుని నేను మనిషి మాట చెల్లదంటున్నాను. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే. ముప్ఫై ఏళ్ల చదువులో ఈ సంగతి నాకు తట్టలేదు, కళ్లజోళ్ల షాపులో పిల్లకి తట్టింది.

నేను సైన్సు మనిషిని. ఎవరి చేతికీ తాడు కట్టనివ్వలేదు, ఎవరి మంత్రమూ థియేటర్‌లోకి రానివ్వలేదు. దానికిప్పుడూ సిగ్గు పడను. కానీ 'సరుకు' అని ఏ ప్రయోగంలో తేలింది? ఏ పుస్తకంలో ఉంది? ఎక్కడా లేదు. మొదటి ఏడాది, నా చేతుల్లో ఒక పసివాడు పోయాక, చెయ్యి వణికేది. లోపల మనిషి ఉందనుకుంటే చెయ్యి వణుకుతుంది. లేదనుకుంటే వణకదు. వణక్కుండా ఉండటానికి చెప్పుకున్న మాట అది. చెప్పగా చెప్పగా సిద్ధాంతమై కూర్చుంది. దాన్నే సైన్సు అనుకున్నాను.

లోపల మనిషి ఉన్నదని నాకు తెలియదు. లేదని కూడా తెలియదు. తెలియనప్పుడు ఎలా నడుచుకోవాలో పెద్ద సిస్టర్‌కి తెలుసు, నాకు తెలియదు. సంగతి తేలేదాకా ఆవిడ ఆగలేదు. చెయ్యి పెట్టింది.

రేపు రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వాళ్లు నన్ను వదలరు. దానికి భయం ఉంది, లేదని రాయను. కానీ అసలు భయం అది కాదు. ఆవిడ ఉన్నారని సంతకం పెడితే, ఆ సంతకం ఎనిమిదేళ్లు వెనక్కి కూడా వెళ్తుంది.

మార్చి 17, సోమవారం

వార్డుకి వెళ్లి, కేస్ షీటులో పెట్టిన కమిటీ కాగితం తీసి, ట మీద అడ్డంగా గీత కొట్టాను. కొట్టేశాక చూస్తే 'వినిపించింద' అని మిగిలింది. స్టెనోగారు మంచం మీంచి మెడ చాచి చూస్తోంది.

"గుడి పెట్టాలండీ" అంది.

ముందు అర్థం కాలేదు. ద కి గుడి. పుట్టి బుద్ధెరిగాక గుడి మెట్టెక్కని దాన్ని, చివరికి ఒక గుడి పెట్టాల్సొచ్చింది. ఆవిడకీ అదే తట్టినట్టుంది, ఇద్దరికీ నవ్వాగలేదు. వార్డులో జనం మమ్మల్ని వింతగా చూశారు.

వినిపించింది. కింద నేనన్న మాటలన్నీ రాశాను, సరుకుతో సహా, దగ్గుతో సహా. మంగళవారం అనలేదని అబద్ధం చెప్పానని కూడా రాశాను. సంతకం, తేదీ, టైము.

ఆవిడ మొత్తం చదివి, ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది. తల దగ్గర నేనే ఉండాలని అడిగింది. ఎందుకండీ అన్నాను. "మీకు తెలుసు కదా ఇప్పుడు" అంది.

సూపరింటెండెంటు కేకలు వేయలేదు. అంత కోపం వచ్చింది. బుధవారం కేసు అయ్యాక విచారణ తేలేవరకు థియేటర్ వైపు రావద్దన్నాడు. సర్జన్ మాత్రం మెట్ల దగ్గర ఆపి, "ఈ వయసులో నీకిదేం పిచ్చి?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

మార్చి 19, బుధవారం

అయింది. నాలుగు గంటలా ఇరవై నిమిషాలు.

మందు ఎక్కించే ముందు అన్నీ చెప్పాను. ఇప్పుడు చెయ్యి చల్లగా అవుతుంది. ఇప్పుడు కళ్లు బరువెక్కుతాయి. మీరు ఇక్కడే ఉంటారు, నేనూ ఇక్కడే ఉంటాను. ఈసారి రెండు రకాల మందులు, మోతాదు ఎక్కువ. మీటరు ముప్ఫై ఎనిమిదికి దిగింది. మామూలుగా నేను అక్కడితో నోరు మూసుకుని స్టూలు మీద కూర్చుంటాను.

మాట్లాడుతూనే ఉన్నాను. ఇప్పుడు మిమ్మల్ని బోర్లా తిప్పుతున్నారండీ. ఇప్పుడు వీపు తుడుస్తున్నారు. ఇప్పుడు గడ్డ కనిపించింది, అనుకున్నంత పెద్దది కాదు. సర్జన్ మొదట్లో నవ్వాడు. గంట గడిచాక నవ్వడం మానేశాడు. నరం పక్కనుంచి గడ్డను విడదీసేటప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బీపీ పడిపోతోంది, నేను మందు పెంచుతున్నాను, పెంచుతూ "ఏం ఫర్లేదండీ, నేను చూస్తున్నాను" అంటున్నాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియలేదు. రెండు నిమిషాలకి బీపీ నిలబడింది.

మూడో గంటకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఊరుకుంటే భయమేసింది. ఆవిడ చెవి దగ్గరకి వంగి అక్క గురించి చెప్పాను. పదకొండు గురించి, పిడుగు భుజం పట్టుకుని లాగడం గురించి. మెల్లగానే చెప్పాను. పెద్ద సిస్టర్ విన్నదో లేదో గానీ నెత్తురు తుడిచిన గుడ్డలు లెక్కపెడుతూ ఇటు తిరగలేదు.

మార్చి 20, గురువారం

ఎడమ కాలి వేళ్లు కదిలాయి. బొటనవేలు ముందు, తర్వాత మిగతావి. దర్జీ ఆ వేళ్లని చూస్తూ నిలబడిపోయాడు.

స్టెనోగారికి గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఈసారి ఒక్క ముక్క కూడా వినలేదండీ. నిద్రపోయి లేచినట్టుంది. మీరేమైనా మాట్లాడారా?"

మాట్లాడాను అన్నాను. నాలుగు గంటలూ.

"అయ్యో" అంది. పాపం, ఆవిడ నిజంగా నొచ్చుకున్నట్టుంది.

నా మందు పనిచేసింది. సంతోషించాలి. వినలేదంటే నాకెందుకు బాధెయ్యాలి? అంటే ఇన్నాళ్లూ వినాలని నేనూ ఎక్కడో కోరుకుంటూనే ఉన్నానన్నమాట. అయినా రేపు నన్ను మళ్లీ థియేటర్‌లోకి రానిస్తే, ఇలాగే మాట్లాడతాను. వింటారని కాదు. నాకు తెలియదు కాబట్టి.

మార్చి 21, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్లే పని లేదు. సాయంత్రం పిడుగు షాపు నుంచి వచ్చే టైముకి గుమ్మంలోనే కూర్చున్నాను. చెప్పులు విప్పుతూ ఏమైందంది. కూర్చోమన్నాను. ముప్ఫై ఏళ్లలో ఎన్ని ఇళ్లవాళ్లకి ఎన్ని చావుకబుర్లు చెప్పానో, ఆ గొంతు పక్కన పెట్టి చెప్పాను.

"మీ అమ్మ దగ్గర ఆ రోజు నిన్ను ఆపాను. ఆపకుండా ఉండాల్సింది. వినపడదని నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను. నీకు ఆ రెండు రోజులూ పోగొట్టాను."

అది బ్యాగులోంచి కళ్లజోళ్లు తుడిచే గుడ్డ తీసి, మడిచి, మళ్లీ విప్పింది.

"ఆపితే ఆగానా పిన్నీ?" అంది. "నువ్వు స్నానానికి ఇంటికి వెళ్లినప్పుడల్లా మాట్లాడాను. మీ థియేటర్ పెద్ద సిస్టర్ డ్యూటీ దిగి వచ్చి తలుపు దగ్గర కాపలా ఉండేది."

ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఏం చెప్పావే అన్నాను.

"అది అమ్మకీ నాకూ మధ్య." గుడ్డ వైపే చూస్తోంది. "నీ గురించి కూడా చెప్పాను."

ఏమని?

"పిన్నికి చాలా భయంగా ఉందమ్మా, అందుకే అలా మాట్లాడుతోంది, నువ్వేమీ అనుకోకు అని."

పదహారేళ్ల పిల్ల. భుజం మీద నా వేళ్ల అచ్చులు ఇంకా ఉండి ఉంటాయి అప్పటికి.

అక్క విందో లేదో నేను చెప్పలేను. నేను మాత్రం ఇవాళ విన్నాను.